బ్రెట్ హల్‌ను వదులుకుని కాల్గరీ బాగుపడిందా?

1988 మార్చి 7న కెనడాలోని కాల్గరీ ఫ్లేమ్స్ అనే ఐస్ హాకీ జట్టు 23 ఏళ్ళ బ్రెట్ హల్‌ను అమెరికాలోని సెయింట్ లూయిస్ బ్లూస్‌కి ఇచ్చేసింది. హల్‌తో పాటు స్టీవ్ బోజెక్ అనే ఇంకో ఫార్వర్డ్ (ముందు వరస ఆటగాడు) కూడా వెళ్ళాడు. బదులుగా వెనక కాపు కాసే డిఫెన్స్‌మన్ రాబ్ రామేజ్, గోల్ కాసే గోలీ రిక్ వామ్స్‌లీ వచ్చారు. ఆ రోజు తర్వాత హల్ నేషనల్ హాకీ లీగ్‌లో, ఒక్క రెగ్యులర్ సీజన్ మ్యాచ్‌లు మాత్రమే లెక్కేసినా, 714 గోల్స్ కొట్టాడు. రామేజ్ కాల్గరీలో ఉన్నది పదిహేను నెలలు. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెడితే ఇక మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. కానీ ఆ పదిహేను నెలల్లోనే కాల్గరీ, లీగ్ విజేతకు ఇచ్చే స్టాన్లీ కప్ గెలిచింది. ఆ క్లబ్ కాల్గరీకి వచ్చాక గెలిచిన కప్ అదొక్కటే.

అందుకే ఇన్ని దశాబ్దాలైనా ఆ ఊరి అభిమానుల మధ్య ఈ వాదన తెగలేదు. గోల్స్ వైపు నిలబడేవాళ్ళు, కప్పు వైపు నిలబడేవాళ్ళు ఎవరి మాట మీద వాళ్ళే ఉంటారు. రెండు పక్షాలూ తమ లెక్కను కాస్త తేలిగ్గా వేస్తున్నాయనే చెప్పాలి. 714 అనే అంకె ఎంత పెద్దదిగా కనిపిస్తుందో అంత పెద్దది కాదు. అలాగే కప్పు గెలిచారు కాబట్టి ట్రేడ్ మంచిదే అనడం కూడా సరిపోదు. ఆ కప్పులో రామేజ్ వాటా ఎంత అన్నది చూపించాలి.

ముందుగా కాస్త నేపథ్యం. మనకు హాకీ అంటే ధ్యాన్‌చంద్ ఆడిన హాకీ. ఇది మంచు మీద స్కేట్లు కట్టుకుని, నల్లటి రబ్బరు పక్‌తో, గోలీతో కలిపి ఆరుగురు చొప్పున ఆడే ఆట. అప్పట్లో ఒక్కో జట్టు సీజన్‌కి 80 మ్యాచ్‌లు ఆడేది. ఆ తర్వాత ప్లేఆఫ్స్. కప్పు కావాలంటే వరసగా నాలుగు సిరీస్‌లు గెలవాలి, ఒక్కో సిరీస్‌లో నాలుగు మ్యాచ్‌లు గెలవాలి. ట్రేడ్ అంటే క్లబ్బులు ఆటగాళ్ళను మార్చుకోవడం. ఐపీఎల్‌లో హార్దిక్ పాండ్యా గుజరాత్ నుంచి ముంబైకి వెళ్ళినప్పుడు ఎంత రగడ జరిగిందో చూశాం. అమెరికా, కెనడా హాకీలో ఇలాంటివి ప్రతి సీజన్‌లోనూ జరుగుతాయి, చాలాసార్లు ఆటగాడి ఇష్టంతో పని లేకుండానే.

కాల్గరీకి అప్పుడున్న అసలు సమస్య ఎడ్మంటన్. ఒకే రాష్ట్రం, మధ్యలో సుమారు మూడొందల కిలోమీటర్ల దూరం. అక్కడ వేన్ గ్రెట్స్కీ, మార్క్ మెసియే ఉన్న ఆయిలర్స్ 1984, 1985, 1987లో కప్పులు గెలిచేశారు. 1986లో మాత్రం కాల్గరీ వాళ్ళను దాటుకుని ఫైనల్‌కి వెళ్ళి, మాంట్రియల్ చేతిలో ఓడింది. జనరల్ మేనేజర్ క్లిఫ్ ఫ్లెచర్ ఆ పదేళ్ళలో చేసిన ప్రతి పనీ ఎడ్మంటన్‌ను దాటడం ఎలా అన్న ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది.

1987-88 సీజన్‌లో ఫ్లేమ్స్ 397 గోల్స్ కొట్టారు, లీగ్‌లో అందరికన్నా ఎక్కువ. కొత్తగా వచ్చిన జో న్యూవెండైక్ ఒక్కడే 51. స్వీడన్ నుంచి వచ్చిన హాకన్ లూబ్ 50. జో మల్లెన్ కూడా ప్రతి ఏడూ నలభై దాటే రకం. అదే సీజన్‌లో జట్టు 305 గోల్స్ ఇచ్చుకుంది. ఇక్కడ హల్ ఆడే చోటు చూడాలి. అతను రైట్ వింగ్, అంటే ముందు వరసలో కుడి పక్కన ఆడేవాడు. లూబ్ రైట్ వింగ్, మల్లెన్ రైట్ వింగ్, కెప్టెన్లలో ఒకడైన లానీ మెక్‌డొనాల్డ్ కూడా రైట్ వింగే. ఇంత రద్దీలోనూ హల్ 52 మ్యాచ్‌ల్లో 26 గోల్స్, 24 అసిస్ట్‌లు (గోల్‌కి దారితీసిన పాస్‌లు) చేశాడు. కాబట్టి కాల్గరీకి అతనేంటో తెలియక వదిలేసిందనడం తప్పు. అందరికీ కనిపిస్తూనే ఉంది.

హల్ ఆట తీరు గురించి కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే గొడవంతా అక్కడే ఉంది. మిగతావాళ్ళంతా పక్ వెంట పరిగెత్తుతుంటే అతను గోల్ ముందు ఖాళీగా ఉన్న చోటు ఒకటి చూసుకుని అక్కడికి మెల్లగా జారుకునేవాడు. డిఫెన్స్‌మన్ కళ్ళు పక్ మీద ఉంటాయి కాబట్టి హల్ పక్కనే ఉన్నా పట్టించుకునేవాళ్ళు కాదు. పాస్ వస్తుంది. అతను దాన్ని ఆపడు, సర్దుకోడు, వచ్చింది వచ్చినట్టే ఒక్క దెబ్బ. గోలీ ఇటునుంచి అటు జరిగేలోపే పక్ లోపల ఉంటుంది. దీన్నే వన్-టైమర్ అంటారు. ఆ షాట్‌లో అతనికి సాటి వచ్చినవాళ్ళు హాకీ చరిత్రలోనే కొద్దిమంది. కానీ పక్ అవతలివాళ్ళ చేతికి వెళ్ళినప్పుడు వెనక్కి వచ్చి కాపు కాయడం అప్పటి హల్‌కి అంతగా పట్టేది కాదు. ఫిట్‌నెస్ మీద శ్రద్ధ లేదన్న మాట కూడా ఉండేది. కోచ్ టెర్రీ క్రిస్ప్ కఠినమైన మనిషి. ఇద్దరికీ పొసగలేదు.

రామేజ్ సంగతి వేరు. 1979 డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త కుర్రాళ్ళను క్లబ్బులు వంతులవారీగా ఎంచుకునే చోట, మొట్టమొదటగా ఎంపికైన ఆటగాడు. ట్రేడ్ నాటికి వయసు 29. పెద్ద శరీరం, దెబ్బకు దెబ్బ తీసే స్వభావం, పవర్ ప్లేలో (అవతలి జట్టులో ఒకడు శిక్షతో బయట కూర్చున్నప్పుడు) వెనక నుంచి ఆట నడిపించే అనుభవం ఉన్నవాడు. వామ్స్‌లీ నమ్మకమైన రెండో గోలీ. మరీ గొప్ప పేర్లేం కావు. హల్ లాంటి కుర్రాడిని ఇచ్చి వీళ్ళను తెచ్చుకోవడం ఆ రోజే చాలామందికి మింగుడుపడలేదు.

మొదటి ఫలితం కూడా ఘోరంగానే వచ్చింది. కాల్గరీ ఆ సీజన్‌ను 105 పాయింట్లతో లీగ్‌లో మొదటి స్థానంలో ముగించింది. ప్లేఆఫ్స్ రెండో రౌండ్‌లో ఎడ్మంటన్ ఎదురైంది. నాలుగు మ్యాచ్‌లు, నాలుగూ ఓటమే. ఏ జట్టును ఆపడానికి హల్‌ను వదులుకున్నారో, ఆ జట్టే రెండు నెలలు తిరగకుండా చీపురుతో ఊడ్చినట్టు ఊడ్చేసింది. 1988 వేసవిలో ఎవరైనా తీర్పు చెప్పమంటే ట్రేడ్ పూర్తిగా దండగ అనేవాళ్ళు. అలా అన్నందుకు వాళ్ళను తప్పుపట్టలేం.

ఆ వేసవిలోనే రెండు పెద్ద మార్పులు వచ్చాయి. ఆగస్టు 9న ఎడ్మంటన్ యజమాని గ్రెట్స్కీని లాస్ ఏంజెలెస్‌కి పంపేశాడు. సెప్టెంబర్‌లో ఫ్లెచర్ మళ్ళీ సెయింట్ లూయిస్‌తోనే ఇంకో బేరం కుదుర్చుకుని డగ్ గిల్మర్‌ను తెచ్చాడు.  1988-89లో కాల్గరీ 117 పాయింట్లు సాధించింది. కొట్టిన గోల్స్ 397 నుంచి 354కి తగ్గాయి. ఇచ్చుకున్నవి 305 నుంచి 226కి పడిపోయాయి. అంటే ముందు వైపు 43 పోగొట్టుకుని వెనక వైపు 79 మిగుల్చుకున్నారు. ఆ ఏడు మొదటి గోలీ మైక్ వెర్నన్ 37 మ్యాచ్‌లు గెలిస్తే, వామ్స్‌లీ నిలబడినప్పుడు 17 గెలిచారు. ఈ మార్పంతా రామేజ్, వామ్స్‌లీలదే అనడం అతిశయోక్తి అవుతుంది. గిల్మర్ రెండు వైపులా కష్టపడే సెంటర్, అంటే ముందు వరసలో మధ్యన ఆడేవాడు. ముందు ఏడాదే వచ్చిన బ్రాడ్ మెక్‌క్రిమన్ వెనక గోడలా నిలబడ్డాడు. వెర్నన్ తన కెరీర్‌లోనే మంచి సీజన్ ఆడాడు. కానీ జట్టు ఏ దిశలో మారాలని ఫ్లెచర్ అనుకున్నాడో ఆ దిశలోనే మారిందన్నది నిజం.

ఇక రామేజ్ విలువ తేలిన చోటు ఆ ఏడాది ఏప్రిల్‌లో వచ్చింది. మొదటి రౌండ్‌లో వాంకూవర్‌తో సిరీస్. సీజన్ మొత్తం లీగ్‌ను ఏలిన కాల్గరీకి ఈ సిరీస్ తేలిగ్గా దాటాల్సింది. అలా జరగలేదు. సిరీస్ మధ్యలో గ్యారీ సూటర్ దవడ విరిగింది. సూటర్ అంటే అల్ మక్‌ఇనిస్ పక్కన పవర్ ప్లే నడిపే డిఫెన్స్‌మన్, 1986లో లీగ్ ఉత్తమ కొత్త ఆటగాడు. అతను ఇక ఆ ప్లేఆఫ్స్‌లో ఆడలేదు. ఆ బాధ్యత రామేజ్ మీద పడింది. సిరీస్ ఏడో మ్యాచ్ దాకా, ఆ మ్యాచ్ ఓవర్‌టైమ్ దాకా వెళ్ళింది. వాంకూవర్ కెప్టెన్ స్టాన్ స్మిల్ ఒంటరిగా దూసుకొస్తే వెర్నన్ గ్లవ్‌తో పట్టుకున్నాడు. మొదటి ఓవర్‌టైమ్ ముగియడానికి నిమిషం కూడా లేనప్పుడు కాల్గరీ ఆటగాడు జిమ్ పెప్లిన్స్కీ గోల్ ముందుకి పంపిన పక్ సహచరుడు జోయెల్ ఆటో స్కేట్‌కి తగిలి లోపలికి వెళ్ళింది. అంత సన్నటి అంచు మీద నడిచిన జట్టు అది.

ఆ తర్వాత గ్రెట్స్కీ ఉన్న లాస్ ఏంజెలెస్‌ను నాలుగు మ్యాచ్‌ల్లో, షికాగోను అయిదు మ్యాచ్‌ల్లో ముగించి, మే 25న మాంట్రియల్‌లో ఆరో మ్యాచ్ 4-2తో గెలిచి కప్పు ఎత్తారు. మాంట్రియల్ కెనడియన్స్‌ను వాళ్ళ సొంత స్టేడియమైన ఫోరమ్‌లోనే ఓడించి కప్పు తీసుకెళ్ళిన ప్రత్యర్థి జట్టు ఇదొక్కటే. చివరి రెండు గోల్స్ గిల్మర్‌వి. ఉత్తమ ఆటగాడి అవార్డు 22 మ్యాచ్‌ల్లో 31 పాయింట్లు (గోల్స్, అసిస్ట్‌లు కలిపి) చేసిన మక్‌ఇనిస్‌ది. ఈ పేర్ల మధ్య రామేజ్ పేరు వినపడదు. అతను 20 ప్లేఆఫ్ మ్యాచ్‌ల్లో ఒక గోల్, 11 అసిస్ట్‌లు చేశాడు. సూటర్ లేని చోట ఆ స్థాయి డిఫెన్స్‌మన్ జట్టులో సిద్ధంగా లేకపోతే వాంకూవర్ సిరీస్ దాటడమే కష్టమయ్యేది. ఓవర్‌టైమ్‌లో ఒక స్కేట్‌కి తగిలిన పక్‌తో దాటిన జట్టుకి, నాలుగు రౌండ్లలో అంతసేపు మంచు మీద నిలబడ్డ ఆటగాడు తేడా చూపలేదని అనుకోవడానికి ఎలా మనసొప్పుతుంది? హల్ ఉంటే గోల్స్ వచ్చేవేమో. కానీ సూటర్ స్థానంలో హల్ ఆడలేడు. కప్పు వైపు నిలబడేవాళ్ళ వాదనకు గట్టి ఆధారం ఇదే. వాళ్ళలో చాలామంది దీన్ని చెప్పకుండా కప్పు ఫొటో చూపించి ఊరుకుంటారు.

ఇప్పుడు 714 సంగతి. హల్ సెయింట్ లూయిస్‌లో 41, 72, 86, 70, 54, 57 గోల్స్ కొట్టుకుంటూ పోయాడు. 86 అంటే ఒక సీజన్‌లో గ్రెట్స్కీ 92, 87 తర్వాత లీగ్‌లో అదే అత్యధికం. 1991లో లీగ్ అత్యంత విలువైన ఆటగాడు కూడా అతనే. ఇవన్నీ కాల్గరీ జెర్సీలో వచ్చేవా? 72, 86 వచ్చిన సీజన్లలో హల్‌కి పాస్ ఇచ్చింది ఆడమ్ ఓట్స్. 1989లో డెట్రాయిట్ నుంచి సెయింట్ లూయిస్ తెచ్చుకున్న సెంటర్. అంత చక్కగా పాస్ ఇచ్చేవాళ్ళు ఆ కాలంలో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. అక్కడ హల్ మొదటి ఆటగాడు. పవర్ ప్లే అంతా అతని షాట్ చుట్టూ అల్లారు. కాల్గరీలో అతను మక్‌ఇనిస్, మల్లెన్, న్యూవెండైక్‌లతో వాటా పంచుకోవాలి. అక్కడుంటే నలభై, యాభై కొట్టేవాడు. ఎనభై ఆరు మాత్రం అనుమానమే.

రెండో సంగతి డబ్బు. 1990ల నడుమకి వచ్చేసరికి ఆటగాళ్ళ జీతాలు బాగా పెరిగాయి. క్లబ్బులు జీతాలిచ్చేది అమెరికన్ డాలర్లలో, కెనడా క్లబ్బులకు టికెట్ల మీద వచ్చేది కెనడియన్ డాలర్లు. చిన్న నగరమైన కాల్గరీ తన తారలను ఒక్కొక్కరినే పోగొట్టుకుంది. 1994లో వెర్నన్ డెట్రాయిట్‌కి, అదే వేసవిలో మక్‌ఇనిస్ సెయింట్ లూయిస్‌కి వెళ్ళిపోయారు. 1995లో న్యూవెండైక్ డాలస్‌కి. హల్ మాత్రం ఉండిపోయేవాడా? ఉండడనుకోవడమే న్యాయం. అలా చూస్తే కాల్గరీ నిజంగా పోగొట్టుకోగలిగింది 1988-89 నుంచి 1993-94 దాకా ఆరు సీజన్లు. ఆ ఆరింటిలో హల్ కొట్టినవి 380. ఓట్స్ లేని, పంచుకున్న ఆటలో ఇంకా తగ్గుతాయి. అది కూడా పెద్ద మొత్తమే, ఒప్పుకోవాలి. కానీ 714 పట్టుకుని వాదించడం సరికాదు.

గోల్స్ వైపు వాళ్ళకు ఉన్న అసలు బలం ఇంకోచోట ఉంది. రైట్ వింగ్‌లో రద్దీ అని కదా హల్‌ను వదిలింది? ఆ రద్దీ ఎంతోకాలం నిలవలేదు. కప్పు గెలిచిన వెంటనే మెక్‌డొనాల్డ్ రిటైరయ్యాడు, లూబ్ స్వీడన్ వెళ్ళిపోయాడు. 1990 జూన్‌లో మల్లెన్‌ను ఒక రెండో రౌండ్ డ్రాఫ్ట్ పిక్‌కి (డ్రాఫ్ట్‌లో ఒక ఆటగాడిని ఎంచుకునే హక్కుకి) పిట్స్‌బర్గ్‌కి ఇచ్చేశారు. అతను అక్కడ ఇంకో రెండు కప్పులు గెలిచాడు. అంటే సరిగ్గా హల్ ఎదిగి విరగబూసే వయసులో కాల్గరీలో అతని చోటు ఖాళీ అయింది. ఇది ఫ్లెచర్‌కి 1988లో కొంతైనా కనిపించాల్సిన విషయం. మల్లెన్, మెక్‌డొనాల్డ్‌ల వయసు అందరికీ తెలుసు. 23 ఏళ్ళ కుర్రాడికి ఇంకాస్త ఎక్కువ ధర, కనీసం ఒక డ్రాఫ్ట్ పిక్ అయినా అడగాల్సింది. ఆ రోజుల్లో ఆటగాళ్ళకు కాంట్రాక్టు అయిపోగానే ఇష్టమొచ్చిన చోటికి వెళ్ళే స్వేచ్ఛ చాలా తక్కువ. కుర్రాడంటే క్లబ్‌కి ఏళ్ళ తరబడి ఉండే ఆస్తి. అందుకే హల్‌కి బదులు వచ్చిన ధర తక్కువే.

అయినా కాల్గరీ ఆ తర్వాత గోల్స్ లేక కుంగిపోయిందనుకుంటే పొరపాటు. థియో ఫ్లూరీ అనే అయిదడుగుల ఆరంగుళాల రైట్ వింగ్ కుర్రాడు 1990-91లో 51 గోల్స్ కొట్టాడు. 1990లో, 1991లో ఫ్లేమ్స్ లీగ్‌లో ఎక్కువ గోల్స్ చేసిన జట్ల ముందు వరసలోనే ఉన్నారు. ఆ రెండేళ్ళూ మొదటి రౌండ్‌లోనే ఓడారు, ఒకసారి లాస్ ఏంజెలెస్ చేతిలో, ఒకసారి ఎడ్మంటన్ చేతిలో. గోల్స్ కొట్టే జట్టు ప్లేఆఫ్స్‌లో తడబడితే, ఇంకో గోల్స్ కొట్టేవాడు ఉంటే గట్టెక్కేదని చెప్పడం కష్టం.

సెయింట్ లూయిస్ వైపు నుంచి చూస్తే బేరం అద్భుతం. హల్ అక్కడ 527 గోల్స్ కొట్టాడు, ఊరు మొత్తానికి హాకీ పిచ్చి పట్టించాడు. అయితే అతనున్న పదేళ్ళలో బ్లూస్ ఒక్కసారీ రెండో రౌండ్ దాటలేదు. 1998లో అతను డాలస్ వెళ్ళాడు. 1999లో బఫెలోపై మూడో ఓవర్‌టైమ్‌లో అతని గోలే కప్పు తెచ్చింది. స్కేట్ గోలీ గీత లోపల ఉందంటూ బఫెలో వాళ్ళు ఇప్పటికీ మండిపడుతుంటారు.  ఆ ఏడు ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడు డాలస్ జట్టులోనే ఉన్న న్యూవెండైక్. అతన్ని ఇచ్చినందుకు కాల్గరీకి వచ్చింది జరోమ్ ఇగిన్లా. క్లబ్ తరఫున 525 గోల్స్‌తో అతనే ఇప్పటికీ మొదటివాడు. కుర్రాడిని ఇచ్చి అనుభవం తెచ్చుకున్న బేరం ఒకటి, అనుభవం ఇచ్చి కుర్రాడిని తెచ్చుకున్న బేరం ఒకటి. రెండూ కాల్గరీకి ఫలించాయి.

అన్నీ తూచితే హల్ ట్రేడ్ చేయదగ్గదే. కాల్గరీ చెల్లించిన ధర ఎక్కువ, కానీ కొన్న వస్తువు సరిగ్గా కావలసిన రోజున పనికొచ్చింది. కాల్గరీ అభిమానులు బాధపడాల్సిన తేదీ 1988 మార్చి 7 కాదు, 1992 జనవరి 2. ఆ రోజు జీతం గొడవతో విసిగిపోయిన గిల్మర్‌ను టొరంటోకి ఇచ్చేశారు. అప్పటికి క్లిఫ్ ఫ్లెచర్ టొరంటోలో ఉన్నాడు. కాల్గరీ తరఫున బేరం చేసింది అతని స్థానంలోకి వచ్చిన డగ్ రైజ్‌బ్రో. పది మంది ఆటగాళ్ళు చేతులు మారారు. గిల్మర్‌తో పాటు వామ్స్‌లీ వెళ్ళాడు. కెంట్ మాండర్‌విల్ అనే కుర్రాడు కూడా వెళ్ళాడు. రామేజ్‌ను 1989లో టొరంటోకి ఇచ్చినప్పుడు వచ్చిన రెండో రౌండ్ పిక్‌తో ఎంచుకున్నది ఇతన్నే. అలా హల్‌కి బదులు వచ్చినదంతా ఆ ఒక్క రోజుతో చేజారింది. కాల్గరీ ఆశపడింది గ్యారీ లీమన్ కోసం. రెండేళ్ళ కిందట 51 గోల్స్ కొట్టిన రైట్ వింగ్ అతను. కాల్గరీలో 59 మ్యాచ్‌లు ఆడి 11 గోల్స్ చేశాడు. గిల్మర్ మరుసటి సీజన్‌లో 127 పాయింట్లు చేశాడు, టొరంటో క్లబ్ రికార్డు అది. ఫ్లేమ్స్ 1992 వసంతంలో ప్లేఆఫ్స్‌కే రాలేదు. మళ్ళీ ఒక్క సిరీస్ గెలవడానికి 2004 దాకా ఆగాల్సి వచ్చింది.